మినీ ఫ్రిజ్‌ని బీరు కెగ్ కూలర్‌గా మార్చే కిట్: కొనాలా, కొంటే ఏం మార్చాలి, నురగ ఎందుకొస్తుంది

అమెరికాలో హోమ్‌బ్రూ షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరికే సింగిల్ ట్యాప్ టవర్ కన్వర్షన్ కిట్ మీద ఈ రివ్యూ. డబ్బా విప్పితే ఫ్రిజ్ నెత్తిన నిలబెట్టే మూడంగుళాల లావున్న స్టీలు టవరు, దానికి బిగించిన క్రోమ్ పూత కుళాయి, అయిదడుగుల బీరు గొట్టం, కాస్త లావుపాటి గ్యాస్ గొట్టం, గ్యాస్ ప్రెషరుని అదుపుచేసే రెండు గేజీల రెగ్యులేటరు, 5 పౌండ్ల ఖాళీ గ్యాస్ (కార్బన్ డయాక్సైడ్) సిలిండరు, కెగ్ (బీరు నింపిన స్టీలు పీపా) నెత్తిన తిప్పి బిగించే కప్లరు, నాలుగైదు క్లాంపులు, చిన్న పానా ఉంటాయి. పెట్టె మీద పేరు మారినా లోపలి సరుకులో పెద్ద తేడా ఉండదు.

తీర్పు ముందే చెప్పేస్తాను. కిట్ కొనదగ్గదే. కాకపోతే డబ్బాలో వచ్చిన బీరు గొట్టాన్ని పక్కన పెట్టి పదడుగులది వేసుకోవాలి. ఉష్ణోగ్రత కంట్రోలరు ఒకటి, టవర్లోకి చల్లగాలి కొట్టే చిన్న ఫ్యాను ఒకటి విడిగా తెచ్చుకోవాలి. ఈ మూడూ లేకుండా బిగిస్తే మొదటి వారమే గ్లాసులో సగానికి పైగా నురగ కనబడుతుంది. అప్పుడు జనం బీరునీ, కెగ్ అమ్మిన షాపునీ తిడతారు. తప్పు చాలాసార్లు వాళ్ళది కాదు.

ఏ ఫ్రిజ్, ఏ కెగ్

కొన్ని ప్రకటనల్లో 'అన్ని కెగ్‌లకూ' అని రాసి ఉంటుంది. కెగ్ సరిపోతుందో లేదో చెప్పేది కిట్ కాదు, ఫ్రిజ్. బార్లలో కనిపించే పెద్ద కెగ్‌ని హాఫ్ బ్యారెల్ అంటారు: 15.5 గ్యాలన్లు, నిండుగా ఉంటే దాదాపు 160 పౌండ్ల బరువు, పదహారంగుళాల పైన వ్యాసం. మినీ ఫ్రిజ్ అడుగున వెనకవైపు కంప్రెసరు కోసం ఒక గట్టు ఉంటుంది. ఆ గట్టు ముందు మిగిలే చోటులో అంత లావు కెగ్ పట్టదు. మినీ ఫ్రిజ్‌కి తగినవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి సిక్స్త్ బ్యారెల్: 5.16 గ్యాలన్లు, 9¼ అంగుళాల వ్యాసం, 23⅜ అంగుళాల ఎత్తు. రెండోది ఒకప్పుడు సోడా సిరప్ కోసం వాడిన 5 గ్యాలన్ల కార్నీ కెగ్. ఇంట్లో బీరు కాచుకునేవాళ్ళు వాడేది ఇదే.

కెగ్ ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు. కప్లరు, దాని మీద నుంచి వంగే గొట్టం కలిపి మరో అయిదారు అంగుళాలు కావాలి. కొనే ముందు అట్టముక్కని 9¼ అంగుళాల గుండ్రంగా కోసి షాపులోనే ఫ్రిజ్ అడుగున పరిచి, తలుపు మూసి చూడండి. చాలాసార్లు అడ్డం వచ్చేవి తలుపు లోపలివైపు డబ్బాలు పెట్టుకునే అరలు. వాటిని కోసి తీసేసి, రబ్బరు గాస్కెట్‌ని పట్టి ఉంచే అంచు చెడకుండా చదునైన ప్లాస్టిక్ రేకు బిగిస్తారు. ఈ పనిలో తొందరపడి గాస్కెట్ వంకర చేస్తే, తరవాత వచ్చే మంచు, నీళ్ళు, ఆగకుండా తిరిగే కంప్రెసరు అన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

కప్లరులో కూడా రకాలున్నాయి. అమెరికన్ బీర్లలో ఎక్కువ భాగానికి డి రకం, యూరప్ నుంచి వచ్చే చాలా వాటికి ఎస్ రకం. పైకి రెండూ ఒకలాగే ఉంటాయి కానీ ఎస్ రకానికి లోపలికి దిగే కాడ పొడుగు. కిట్‌తో వచ్చేది సాధారణంగా డి. కార్నీ కెగ్ వాడేవాళ్ళకి కప్లరే అక్కర్లేదు, రెండు బాల్ లాక్ కనెక్టర్లు చాలు.

ఫ్రిజ్‌లలో ఈ పనికి బాగా పేరున్నది డాన్బీ 4.4 ఘనపుటడుగుల మోడల్. అందులో ఫ్రీజర్ అర లేదు, అంటే వంచాల్సిందీ విరిగేదీ లేదు. పైన చిన్న ఫ్రీజర్ అర ఉన్న చవక ఫ్రిజ్‌ల జోలికి వెళ్ళకండి. చల్లదనం పుట్టించే పలక ఆ అరే. టవరుకి దారి కోసం దాన్ని కిందికి వంచితే లోపలి సన్న గొట్టం నలుగుతుంది, లేదా చీలుతుంది. చీలితే ఫ్రిజ్‌ని చల్లబరిచే గ్యాస్ తిరిగి నింపించే ఖర్చుకి ఇంకో ఫ్రిజ్ వస్తుంది.

డ్రిల్లు పెట్టే ముందు

ఇప్పటి మినీ ఫ్రిజ్‌లలో చల్లబరిచే గ్యాస్‌గా ఎక్కువగా ఆర్600ఏ, అంటే ఐసోబ్యూటేన్ వాడుతున్నారు. అది మండే గ్యాస్. ఫ్రిజ్ వెనక లేబులు మీద రాసి ఉంటుంది, ముందు అది చదవండి. గొట్టం ఎక్కడుందో తెలియకుండా డ్రిల్లు దింపడం ఫ్రిజ్‌కే కాదు, మనిషికీ ప్రమాదమే.

గొట్టం వెతికే పద్ధతి సులువు. ఫ్రిజ్ నడుస్తుండగా రబ్బింగ్ ఆల్కహాల్‌లో కార్న్ స్టార్చ్ (మన వంటింట్లో కార్న్‌ఫ్లోర్ అనేదే) కలిపి పల్చటి జారులా పైరేకు మీద పూయండి. కింద వేడి గొట్టం పారుతున్న చోట పూత ముందుగా ఆరి తెల్ల గీతలా తేలుతుంది. ఆ గీతలని పెన్సిలుతో గుర్తుపెట్టి వాటికి దూరంగా రంధ్రం ఎంచుకోవాలి. తరవాత ప్లగ్గు పీకి, హోల్‌సాతో (గుండ్రటి రంధ్రం కోసే రంపం) పైరేకుని మాత్రమే కోసి, మధ్యలోని ఫోమ్‌ని చేత్తో మెల్లగా తవ్వి, అక్కడ ఏ గొట్టమూ లేదని కళ్ళారా చూశాకే కింది ప్లాస్టిక్‌ని కోయాలి. రెండు నుంచి రెండున్నర అంగుళాల రంధ్రం చాలు, టవరు అడుగు దాన్ని పూర్తిగా కప్పాలి. పక్క గోడలకి మాత్రం డ్రిల్లు తగలనివ్వకండి. మినీ ఫ్రిజ్‌లలో వేడి వదిలే కాయిల్ చాలావాటిలో ఆ గోడల్లోనే ఉంటుంది, పక్కలు గోరువెచ్చగా తగిలేది అందుకే. సిలిండరు ఫ్రిజ్ లోపలే గట్టు మీద పెడితే గ్యాస్ గొట్టం కోసం ఇంకో రంధ్రం అవసరమే రాదు.

పని కోసం ఫ్రిజ్‌ని పక్కకి పడుకోబెడితే, నిలబెట్టాక కనీసం ఒక రోజు ఆగి ప్లగ్గు పెట్టండి. కంప్రెసరు నూనె కిందికి దిగాలి.

నురగ

నురగకి కారణాలు పది చెప్పచ్చు. వెతికే వరస మాత్రం ఒకటే: ముందు వేడి, తరవాత ప్రెషరు, ఆ తరవాత గొట్టం, చివరికి కుళాయి. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. నురగ రాగానే రెగ్యులేటరు తిప్పి ప్రెషరు తగ్గిస్తారు. ఆ పూటకి నురగ తగ్గినట్టే ఉంటుంది. ఒకటి రెండు రోజుల్లో బీరులో కరిగి ఉన్న గ్యాస్ బయటపడి గొట్టంలో బుడగలు కడుతుంది, నురగ మళ్ళీ వస్తుంది, పైగా బీరు చప్పబడుతుంది. ఒక్క తప్పు రెండవుతుంది.

మొదటి పరీక్షకి ఖర్చు లేదు. రెండు గంటలు కుళాయి ముట్టకుండా ఉంచి, రెండు గ్లాసులు వెంటవెంటనే పట్టండి. మొదటి గ్లాసు నురగ, రెండోది శుభ్రంగా వస్తే టవరు వేడిగా ఉందని అర్థం. రెండూ ఒకేలా పొంగితే కెగ్ వేడిగా ఉండాలి, లేదా బీరులో గ్యాస్ ఎక్కువై ఉండాలి, లేదా గొట్టం పొట్టిది. 

టవరు వేడి ఎంత పని చేస్తుందో అంకెల్లో చూడండి. మామూలు ఏల్, లాగర్ రకం బీర్లలో సుమారు 2.5 వాల్యూముల గ్యాస్ ఉంటుంది. అంటే ఒక లీటరు బీరులో రెండున్నర లీటర్ల గ్యాస్ కరిగి ఉందన్నమాట. 38 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర దాన్ని బీరులోనే పట్టి ఉంచడానికి 11 పీఎస్ఐ (చదరపుటంగుళానికి పౌండ్లలో ప్రెషరు) సరిపోతుంది. 45 డిగ్రీలకి 15 కావాలి. 60 డిగ్రీలకి 23 కావాలి. కెగ్ 38 దగ్గరే చల్లగా ఉన్నా, గదిలో నిలబడ్డ టవర్లోని గొట్టమూ కుళాయీ 60 దాటి ఉంటాయి. ఆ చోట నిలిచిన బీరుకి 23 అవసరం, ఉన్నది 11. మిగతా గ్యాస్ విడిపోక ఏం చేస్తుంది? పాలు పొంగినట్టు పొంగుతుంది. మొదటి గ్లాసు ఆ వేడి లోహాన్ని చల్లబరుస్తుంది కనుక రెండోది బాగా వస్తుంది.

దీనికి మందు ఫ్యాను. 12 వోల్టుల చిన్న బ్లోయరు ఫ్యాను, దానికి తగిన అడాప్టరు, అంగుళం లావున్న మెత్తటి ప్లాస్టిక్ గొట్టం తెచ్చుకోండి. ఫ్యాను ఫ్రిజ్ అడుగు భాగంలో ఉండాలి, చలి అక్కడే ఎక్కువ. గొట్టం కొస టవరు పైదాకా, కుళాయి వెనక షాంకుకి (కుళాయిని బిగించే మరల గొట్టం) తగిలేంత ఎత్తుకి వెళ్ళాలి. ఎక్కువమంది చేసే పొరపాటు టవరు రంధ్రాన్ని గొట్టాల చుట్టూ ఫోమ్‌తో పూర్తిగా మూసేయడం. గాలి పైకి వెళ్ళాలంటే వెనక్కి రావడానికి దారి ఉండాలి, కాబట్టి లోపల ఖాళీ వదలండి. మూయాల్సింది టవరు అడుక్కీ ఫ్రిజ్ పైరేకుకీ మధ్య ఉన్న సందు. అక్కడ గాస్కెట్ కానీ సిలికాన్ కానీ లేకపోతే గదిలోని తేమగాలి రాత్రింబవళ్ళు లోపలికి దిగుతుంది. ఈ ఫ్యాను వల్ల ఇంకో లాభం: ఫ్రిజ్ అడుగుకీ పైకీ మధ్య ఉండే తేడా కూడా తగ్గుతుంది.

ఇక కెగ్ వేడి సంగతి. ఫ్రిజ్ గాలిలో వేలాడే థర్మామీటరు చెప్పేది గాలి సంగతి, బీరుది కాదు. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచిన నీళ్ళ గ్లాసులో థర్మామీటరు ముంచి చూడండి, లేదా రెండో గ్లాసు బీరులో పెట్టి చూడండి. కొత్తగా తెచ్చిన కెగ్‌ని పెట్టిన సాయంత్రమే కుళాయి తిప్పి నురగ వచ్చిందని బాధపడేవాళ్ళకి ఒక లెక్క. 19 లీటర్ల బీరుని 25 డిగ్రీల సెల్సియస్ నుంచి 3 డిగ్రీలకి దింపాలంటే దాదాపు 490 వాట్-అవర్ల వేడిని బయటికి లాగాలి. మినీ ఫ్రిజ్ కంప్రెసరు చిన్నది, తలుపు సందులూ గోడలూ లోపలికి తెచ్చే వేడితో కూడా అది పోరాడాలి. ఒక రోజంతా ఆగండి, ఒకటిన్నర రోజయితే ఇంకా మంచిది. షాపులో కొనే కెగ్ బీరు అమెరికాలో ఎక్కువగా పాశ్చరైజ్ చేయనిది, దాన్ని షాపు నుంచే చల్లగా తేవాలి, చల్లగానే ఉంచాలి.

ఫ్రిజ్ సొంత థర్మోస్టాట్ ఈ పనికి చాలదు. దాని మీద ఒకటి నుంచి అయిదో ఏడో అంకెలుంటాయి, డిగ్రీలు ఉండవు. పాల ప్యాకెట్టుకి అది చాలు, కెగ్‌కి చాలదు. ఇంక్‌బర్డ్ ఐటీసీ-308 లాంటి ప్లగ్ కంట్రోలరు తెచ్చి, దాని కూలింగ్ సాకెట్టులో ఫ్రిజ్ ప్లగ్గు పెట్టి, ఫ్రిజ్ డయల్‌ని గరిష్ఠ చలికి తిప్పి వదిలేయండి. కంట్రోలరులో 38 డిగ్రీల ఫారెన్‌హీట్, తేడా 2 డిగ్రీలు, కంప్రెసరు విరామం అయిదు నిమిషాలు పెట్టండి. సెన్సారుని గాలిలో వేలాడదీస్తే తలుపు తీసిన ప్రతిసారీ కంప్రెసరు లేస్తుంది, ఇలా మాటిమాటికీ ఆగి లేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది. సెన్సారుని కెగ్ మధ్య భాగానికి ఆనించి, పైన ఫోమ్ ముక్క పెట్టి టేపు చుట్టండి. విడిగా కొనే మూడింటిలో ఒక్కదానికే డబ్బుందంటే నేను ముందు కొనమనేది ఈ కంట్రోలరునే.

ప్రెషరు దగ్గరికి వద్దాం. 38 డిగ్రీల దగ్గర 11, 12 పీఎస్ఐ నుంచి మొదలుపెట్టండి. ఎత్తైన ఊళ్ళలో ప్రతి 2000 అడుగులకీ ఒక పీఎస్ఐ కలపాలి, డెన్వర్‌లో ఉన్నవాళ్ళు రెండున్నర కలుపుకోవాలి. ఇంట్లో బీరు కాచి, తొందరగా గ్యాస్ ఎక్కాలని 30 పీఎస్ఐ పెట్టి మరిచిపోతే బీరు గ్యాస్‌తో కిక్కిరిసిపోతుంది. అప్పుడు గ్యాస్ గొట్టం తీసేసి, కెగ్ మూత మీది రిలీఫ్ వాల్వుని లాగి వదలాలి. కొన్ని గంటలాగి మళ్ళీ లాగాలి. ఇలా ఒకటి రెండు రోజులు పడుతుంది, దగ్గరి దారి లేదు. రెగ్యులేటరు 11 దగ్గర పెట్టినా పొద్దుటికి 16కో 18కో ఎక్కిందంటే లోపలి వాల్వు సీటులో దుమ్మో గీతో ఉంది. దాన్ని తిప్పి సరిచేయడం కుదరదు, సీటు మార్చాలి. సిలిండరుని పడుకోబెట్టి వాడితే ద్రవ రూపంలో ఉన్న గ్యాస్ రెగ్యులేటర్లోకి వెళ్ళి దాన్ని పాడుచేస్తుంది. ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి.

గొట్టం విషయంలో కిట్‌లోని అయిదడుగులకి ఒక లెక్క ఉంది. 3/16 అంగుళాల వినైల్ గొట్టం అడుగుకి రెండు మూడు పీఎస్ఐ తగ్గిస్తుందని పట్టికల్లో రాసి ఉంటుంది. ఆ ప్రకారం నాలుగడుగులే చాలు. ఆ పట్టిక బార్లలో నిమిషానికి ఒక గ్యాలన్ వేగంతో పట్టే లెక్క మీద తయారైంది. ఇంట్లో అంత వేగం పనికిరాదు, నెమ్మదిగా పారేటప్పుడు గొట్టం ఆపే శక్తి చాలా తగ్గిపోతుంది. అందుకే పదడుగులు కావాలి. ఎక్కువైతే నష్టమేమిటంటే గ్లాసు నిండడానికి మూడు నాలుగు సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే. పదడుగుల గొట్టంలో నిలిచే బీరు 54 మిల్లీలీటర్లే కనుక వృథా గురించి దిగులు అక్కర్లేదు. వినైల్ బదులు నాలుగు మిల్లీమీటర్ల ఈవీఏబ్యారియర్ గొట్టం వేసుకుంటే ఇంకా మంచిది. అది గాలిని లోపలికి రానివ్వదు, ప్లాస్టిక్ వాసన ఉండదు. దానికి నొక్కితే బిగిసే కనెక్టర్లు కావాలి, కిట్‌లోని క్లాంపులు పనికిరావు. ఏ గొట్టమైనా చుట్టగా చుట్టి కెగ్ మీద పరిచి ఉంచండి, మడత పడితే అక్కడే నురగ పుడుతుంది.

ఇప్పుడు చాలామందికి తట్టని ఒక లోపం. కార్నీ కెగ్‌లో బీరు పైకి వచ్చే పొడుగు గొట్టం మెడ కింద చిన్న రబ్బరు ఓ-రింగు ఉంటుంది. అది చిట్లితే కెగ్ పైభాగంలో ఉన్న గ్యాస్ ఆ సందులోంచి బీరు గొట్టంలోకి దూరుతుంది. బయట సబ్బు నీళ్ళు వేస్తే ఒక్క బుడగా కనబడదు, ఎందుకంటే లీకు లోపలే. గుర్తు ఏమిటంటే, కుళాయి తెరిచి ఉన్నంతసేపూ కెగ్ దగ్గర నుంచే గొట్టంలో సన్న బుడగల వరస కనిపిస్తుంది. వేడి వల్ల వచ్చే బుడగలు టవరు దగ్గర, పై భాగంలో చేరతాయి. రెండింటికీ ఇదే తేడా. కెగ్‌లో ప్రెషరంతా వదిలేశాకే ఆ గొట్టం మీది పోస్టు (కనెక్టరు తొడిగే మూతి) విప్పాలి. ప్రెషరు ఉండగా విప్పితే అది తూటాలా లేస్తుంది.

కుళాయి గురించి. కిట్‌తో వచ్చేది వెనక మూసుకునే రకం. మూసినా ముక్కు భాగంలో బీరు తడి మిగిలి, గాలికి ఆరి, జిగురై, మర్నాడు మీట కదలదు. బలంగా లాగితే ఒక్కసారి తెరుచుకుని చిమ్ముతుంది. పెర్లిక్ 630 లాంటి ముందు మూసుకునే స్టీలు కుళాయికి ఈ బాధ లేదు. రోజూ వాడేవాళ్ళకి పాతదే చాలు, వారానికోసారి పట్టేవాళ్ళు తప్పకుండా మార్చుకోండి. ఏ కుళాయి అయినా సగం తెరిచి పట్టకండి. సన్న సందులోంచి దూరే బీరు చిలికినట్టై నురగవుతుంది. ఒక్క ఊపున పూర్తిగా తెరిచి, గ్లాసుని వంచి పట్టాలి.

బీరు అసలే రాకపోతే ఇంకా సులువు. గొట్టం చల్లపలకకి తగిలి గడ్డకట్టిందేమో చూడండి. అయిదు శాతం బీరు 28 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర గడ్డకడుతుంది, పలక అంతకన్నా చల్లగా ఉంటుంది. కప్లరు మీట చివరిదాకా దిగి క్లిక్కుమనాలి. కార్నీలో బూడిద రంగు కనెక్టరు గ్యాస్‌కి, నల్లది బీరుకి. పోస్టుల మీద గాట్లు ఉన్నది గ్యాస్ వైపు. తారుమారుగా నొక్కితే పట్టేసి ఊడిరాదు.

గ్యాస్ ఎటు పోతోంది

20 లీటర్ల కెగ్‌లోని బీరునంతా తోయడానికి 11 పీఎస్ఐ దగ్గర సుమారు 70 గ్రాముల గ్యాస్ చాలు. గ్యాస్ లేని ఫ్లాట్ బీరుకి గ్యాస్ ఎక్కించాలన్నా మరో వంద గ్రాములు. 5 పౌండ్ల సిలిండరులో 2,270 గ్రాములుంటాయి. రెండు కెగ్‌లకే సిలిండరు ఖాళీ అయ్యిందంటే అది వాడకం కాదు, లీకు.

సిలిండరు ప్రెషరు చూపే గేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. సిలిండరులో ద్రవం చుక్క మిగిలినంతవరకూ ముల్లు ఒకేచోట నిలబడుతుంది, 70 డిగ్రీల ఫారెన్‌హీట్ గదిలో 840 పీఎస్ఐ దగ్గర, 38 డిగ్రీల ఫ్రిజ్‌లో 540 దగ్గర. సిలిండరు ఫ్రిజ్‌లో పెట్టగానే ముల్లు పడిపోతే కంగారుపడకండి. తూకం ఒక్కటే నమ్మకం: సిలిండరు మెడ మీద టేర్ బరువు (ఖాళీ సిలిండరు బరువు) చెక్కి ఉంటుంది, త్రాసు మీద చూపే బరువులోంచి అది తీసేస్తే మిగిలిందే గ్యాస్.

లీకు వెతకడానికి గిన్నెల సబ్బు నీళ్ళు స్ప్రే చేయండి: సిలిండరుకీ రెగ్యులేటరుకీ మధ్య, ప్రతి క్లాంపు దగ్గర, కెగ్ మూత చుట్టూ, పోస్టుల మీద. మొదటి చోటే దొంగ. అక్కడ నైలాన్ వాషరు ఉండాలి, కొన్ని రెగ్యులేటర్లలో ఓ-రింగు లోపలే అమర్చి ఉంటుంది, వాటికి వాషరు వేయకూడదు. వాషరుని ప్రతి సిలిండరు మార్పుకీ కొత్తది వేయండి. బీరు వైపు టెయిల్‌పీస్ (గొట్టం తొడిగే లోహపు ముక్క) దగ్గర రబ్బరు వాషరు మరిచిపోతే కుళాయి వెనక నుంచి బొట్లు పడతాయి. స్క్రూతో బిగించే వార్మ్ క్లాంపులు మెత్తటి గొట్టం మీద కొన్నాళ్ళకి వదులవుతాయి, నెలకోసారి బిగించండి. కెగ్ మూత లీకైతే ఫుడ్-గ్రేడ్ కెగ్ ల్యూబ్ రాసి, 30 పీఎస్ఐ ఒక్కసారి కొట్టి మూతని కూర్చోబెట్టి, మళ్ళీ 11కి దింపాలి.

దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు. 5 పౌండ్ల గ్యాస్ బయటపడితే 1,200 లీటర్ల పైనే అవుతుంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తున్న మూసిన గదిలో అది గాలిలో అయిదు శాతం. నాలుగు శాతం, అంటే 40,000 పీపీఎం, దగ్గరే తక్షణ ప్రాణాపాయమని అమెరికా ఆరోగ్య సంస్థ నియోష్ గీత గీసింది. బేస్‌మెంట్‌లో, గాలి ఆడని క్లోజెట్‌లో పెట్టేవాళ్ళు కార్బన్ డయాక్సైడ్ అలారం పెట్టుకోండి. ఇంట్లో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అలారం దీన్ని పట్టుకోదు.

ఫ్రిజ్ చల్లబడకపోతే

కంప్రెసరు ఆగకుండా తిరుగుతోంది, లోపల మాత్రం చల్లబడటం లేదు. ముందు తలుపు గాస్కెట్ చూడండి: డాలరు నోటు మధ్యలో పెట్టి తలుపు మూసి లాగితే బిగువుగా రావాలి, జారిపోతే అక్కడ సందుంది. తరవాత పక్కలా వెనకా ఖాళీ చూడండి. వేడి పక్క గోడల నుంచి పోవాలి కనుక మూడు నాలుగంగుళాలు వదలాలి. అందమైన చెక్క బార్‌లో బిగుతుగా దూర్చిన ఫ్రిజ్ ఉడికిపోతుంది. గాస్కెట్, ఖాళీ రెండూ బాగున్నా, పలక మీద ఒక మూల మాత్రమే మంచు పట్టి మిగతా భాగం వెచ్చగా ఉంటే రిఫ్రిజరెంట్ తగ్గిపోయింది. డ్రిల్లు చేసిన రోజు చిన్న బుస్సు శబ్దమో నూనె చెమ్మో కనబడి ఉంటే కారణం అదే.

కంప్రెసరు తిరగకుండా రెండు మూడు నిమిషాలకోసారి టిక్కుమంటుంటే స్టార్ట్ రిలే చూడండి. ప్లగ్గు పీకి, కంప్రెసరు పక్కన ఉన్న చిన్న నల్ల డబ్బీని లాగి చెవి దగ్గర ఊపితే లోపల ముక్కలు గలగలమంటాయి. అలా అంటే రిలే పోయింది. చవక వస్తువు, కొత్తది గుచ్చితే సరిపోతుంది. గలగల లేకపోతే ఓవర్‌లోడ్ ప్రొటెక్టరో కంప్రెసరో, అక్కడితో మెకానిక్ పని.

పలక మీద మంచు వేలంత మందమైతే కెగ్ తీసి, ప్లగ్గు పీకి, తలుపు తెరిచి కరగనివ్వండి. కత్తితో గీకకండి. అడుగున నీళ్ళు చేరుతుంటే ఎవా-డ్రై లాంటి మళ్ళీ ఆరబెట్టుకునే తేమ డబ్బా ఒకటి లోపల పెట్టండి, అది ఎంత తొందరగా నిండుతోందో చూస్తే సందు ఎంతుందో తెలుస్తుంది.

శుభ్రం చేసే డబ్బా కిట్‌లో రాదు, అది కూడా లెక్కలో వేసుకోండి. అమెరికా బీరు తయారీదారుల సంఘం బ్రూయర్స్ అసోసియేషన్ చెప్పేది రెండు వారాలకోసారి 2 శాతం కాస్టిక్ (ఘాటైన క్షారం) ద్రావణం, గొట్టంలో ఊరికే నిలిపి ఉంచే పద్ధతైతే 20 నిమిషాలు, తరవాత చల్లటి మంచినీళ్ళు. చేతికి గ్లవ్సు, కళ్ళకి అద్దాలు తప్పనిసరి. కుళాయిని కూడా అప్పుడే పూర్తిగా విప్పి కడగాలి, కప్లరుని ఆరు నెలలకోసారి విప్పి కడగాలి. ఈ పని మానేస్తే గొట్టం లోపల చేరిన పాచి మీద గ్యాస్ బుడగలు పుడతాయి, చల్లదనం, ప్రెషరు అన్నీ సరిగ్గా ఉన్నా నురగ ఆగదు. పుల్లటి వాసన వస్తే గొట్టం కడగకండి, మార్చేయండి. పదడుగుల వినైల్‌కి అయ్యే ఖర్చు ఒక పిచర్ బీరంత కూడా కాదు.

గరాజ్‌లో పెడదామనుకునే వాళ్ళకి ఒక మాట, మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఊళ్ళని బట్టి. టెక్సస్‌లో డాలస్, ఫ్రిస్కో వైపు జులైలో మూసిన గరాజ్ వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. మినీ ఫ్రిజ్ దాదాపు ఆగకుండా నడుస్తుంది, టవరు వేడికి ఫ్యాను కూడా ఓడిపోతుంది. అక్కడ టవరు పెట్టకుండా తలుపుకే షాంకు బిగించండి, గొట్టమంతా చలిలోనే ఉంటుంది. న్యూజెర్సీ వైపు జనవరిలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. గరాజ్ 38 కన్నా కిందికి పోతే కంప్రెసరు లేవనే లేవదు, 28 కన్నా కిందికి పోతే టవర్లో బీరు గడ్డకడుతుంది. ఐటీసీ-308కి రెండో సాకెట్టు ఉన్నది దీనికే. తక్కువ వాట్ల హీట్ ప్యాడ్ ఒకటి ఆ హీటింగ్ సాకెట్టుకి పెట్టి, ప్యాడ్‌ని కెగ్‌కి తగలకుండా ఫ్రిజ్ అడుగున పరచండి. ఫ్యాను మాత్రం ఆపకండి, ఆ వెచ్చటి గాలిని టవరుకి చేర్చేది అదే.